ఎవరి చేతులు నలుపు

బుధవారం పొద్దున్నే నల్లరంగు తొట్టి కాచింది సంపూర్ణమ్మ. ఫోటో మాత్రం ఆమె తోడికోడలికి తీస్తున్నారు.

కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు పొగలు కక్కుతుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, రంగును నీళ్ళలో కరిగించే హైడ్రోస్ పొడి కొద్దికొద్దిగా చల్లుతూ, కర్రతో కలియతిప్పుతూ గంటసేపు తొట్టి దగ్గరే నిలబడింది. తర్వాత నూలు చిలపలు, అంటే చుట్టలుగా కట్టిన నూలు, ముంచింది. తొట్టిలో ఉన్నంతసేపూ నూలు నల్లగా ఉండదు, పాచి పట్టినట్టు ముదురు పసరు రంగులో ఉంటుంది. పైకి తీసి పిండి, చిలప విప్పి దులిపి గాలి తగలనిస్తే అప్పుడు ఎక్కుతుంది నలుపు. ఎక్కడైనా నూలు ముడిపడి బిగుసుకుంటే అక్కడికి గాలి పోదు, లోపల వెలవెలబోయిన చార మిగిలిపోతుంది. ఆ ముడిని వేళ్ళతో తడిమి కనిపెట్టడంలో పెడన రంగులవాళ్ళలో ఆమెను మించినవాళ్ళు లేరు. గ్లౌజులు వేసుకుంటే ముడి తెలియదని ముప్పై ఏళ్ళుగా ఉత్తచేతులతోనే చేస్తోంది. మణికట్టు దాకా చర్మం, పది వేళ్ళ గోళ్ళు, గోళ్ళ సందులు అన్నీ ఆ రంగే.

"త్రిపురగారూ, ఇటు తిరగండి. చేతులు ముందుకు చాపండి," అంటున్నాడు తేజేశ్వర్.

అతనికి బెజవాడ గవర్నర్‌పేటలో చీరల షాపు ఉంది. వీళ్ళింటి నల్లచీరలు రెండేళ్ళుగా అతనే తీసుకుంటున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తేది తోడికోడలు బాలత్రిపురసుందరి గనక, అతని దృష్టిలో నలుపు కూడా ఆమెదే అయిపోయింది. ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని బెజవాడ నుంచి కారులో వచ్చాడు. శనివారం అక్కడ చీరల ప్రదర్శన పెడుతున్నారట. ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతారట. గోడ మీద ఆమె ఫోటో నిలువెత్తున పెడతారట.

"చేతులు మరీ తెల్లగా ఉన్నాయి సార్," అన్నాడు ఫోటోగ్రాఫర్.

ఉండవూ మరి! త్రిపుర మోచేతుల దాకా గ్లౌజులు లేకుండా తొట్టి దగ్గరికే రాదు.

"ఒక్కసారి ముంచితే సరి," అని నవ్వి త్రిపుర గాజులు పైకి లాక్కుంది. చల్లారుతున్న తొట్టిలో రెండు చేతులూ ముంచి, తీసి, గాలిలో ఆడించింది. అందరూ చూస్తుండగానే అవి నల్లబడ్డాయి. ఫోటోగ్రాఫర్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

సంపూర్ణమ్మకు ఒళ్ళు మండింది. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. తన చేతులకు ఆ నలుపు పట్టడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఈవిడగారికి అరనిమిషం చాలింది.

ఆమె కళ్ళు త్రిపురను వదలలేదు. ఓర్వలేనివాళ్ళు చూసినంత శ్రద్ధగా కన్నవాళ్ళు కూడా చూడరు. రెండు ఫోటోలు కాగానే త్రిపుర కుర్చీ తెప్పించుకుని కూర్చోవడం చూసింది. మహారాణి! తేజేశ్వర్ ఏమడిగినా రెండు మాటలు చెప్పి ఆగడం, మళ్ళీ రెండు మాటలు చెప్పడం చూసింది. టీవీలో పెద్దమనుషుల్లా ఆచితూచి మాట్లాడటం ఎప్పుడు నేర్చిందో! పెదాలు ముదురుగా ఉన్నాయి. లిప్‌స్టిక్ కూడానా? కాలిగోళ్ళకు ఎర్రరంగు, అదీ చూసింది. మధ్యమధ్య దగ్గొస్తే కొంగుతో నోరు మూసుకుంటోంది. ఆదివారం నుంచి జ్వరమని మంచం దిగని మనిషి, ఫోటో అనేసరికి ఎట్లా లేచి కూర్చుందో చూడండమ్మా అని సంపూర్ణమ్మ మనసులోనే వీధంతటికీ చెప్పుకుంది.

"అక్కా, నువ్వు కూడా రా," అంది త్రిపుర. "ఒక ఫోటో... కలిసి దిగుదాం."

"నాకు పనుంది. చిలపలు ఎవరు దులుపుతారు, నీ ఫోటో దులిపిద్దా?"

తేజేశ్వర్ కెమెరాలోకి ఒకసారి తొంగి చూసి, "ఆ వెనకాల ఉన్న అమ్మగారు కాస్త పక్కకు జరిగితే బాగుంటుందండీ, ఫోటోలో అడ్డం వస్తున్నారు," అన్నాడు ఎంతో మర్యాదగా.

సంపూర్ణమ్మ పక్కకు జరిగింది. చేతిలో ఉన్న తడి చిలపను ఎంత బలంగా దులిపిందంటే ఆ చుక్కలు వెళ్ళి తేజేశ్వర్ తెల్ల చొక్కా మీద పడ్డాయి. పొరపాటున పడ్డాయని ఆమె అంది. అతను నమ్మాడు.

గురువారం మధ్యాహ్నం నర్సు వినీల వచ్చింది. ఆ వీధి చివర క్లినిక్కుకు కొత్తగా వచ్చిన పిల్ల. ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు చూసి రాసుకుపోతుంది. సంపూర్ణమ్మ పెరట్లో దండేల మీద చిలపలు తిరగేస్తోంది. వంటింటి కిటికీలోంచి లోపలి మాటలన్నీ వినిపిస్తున్నాయి. వినాలని ఆమె కిటికీ పక్క దండెం దగ్గరే ఉండిపోయింది.

"దగ్గు ఎన్నాళ్ళ నుంచండీ?"

"నాలుగు రోజులు. జ్వరం... తగ్గింది."

"ఈ క్లిప్పులో వేలు పెట్టండి. కదలకండి, అరనిమిషం."

కాసేపు మగ్గం చప్పుడు ఒక్కటే వినిపించింది. పాండురంగయ్య, అంటే సంపూర్ణమ్మ మొగుడు, ముందు గదిలో మగ్గం మీద ఉన్నాడు.

"ఎనభై ఏడు చూపిస్తోందండీ," అంది వినీల. గొంతులో తేడా వచ్చింది. "రక్తంలో ఆక్సిజన్ అండీ ఇది. తొంభై ఐదుకు పైన ఉండాలి. ఇంకో వేలు పెట్టండి... ఎనభై ఆరు."

మగ్గం ఆగింది. పాండురంగయ్య నవ్వు వినిపించింది.

"కొత్తగా వచ్చావు, నీకు తెలవదమ్మాయ్. మా రంగులవాళ్ళ చేతుల మీద ఆ మిషన్ పని చెయ్యదు. కరోనా అప్పుడు మా పుల్లయ్యకు ఎనభై చూపించిందని అంబులెన్సులో బందరు తీసుకుపోయారు. అక్కడ ఏమీ లేదన్నారు. ఆయన శుభ్రంగా ఇడ్లీలు తిని బస్సెక్కి వచ్చాడు. అదంతా రంగేనమ్మా, రంగు!"

వినీల తటపటాయించింది. గోళ్ళకు రంగుంటే లెక్క తప్పొచ్చని ఆమెకు ట్రైనింగులోనూ చెప్పారు.

"పోనీ కాలివేలికి పెట్టి చూస్తానండీ. ఆ గోళ్ళరంగు ఒక్కటి తీసెయ్యండి."

"అమ్మో! శనివారం దాకా... తియ్యను. నాకేం ఆయాసం లేదు. దగ్గే."

"ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోతుందండీ ఒక్కోసారి. అదే దీంతో భయం. రేపు పొద్దున్నే క్లినిక్కుకు రండి, మళ్ళీ చూస్తాను. ఈలోపల ఊపిరి అందకపోయినా, పెదాలు నీలంగా మారినా నాకు ఫోన్ చెయ్యండి."

వెళ్ళేముందు పుస్తకంలో ఎనభై ఆరు అని రాసి, పక్కన 'చేతులకు రంగు' అని రాసుకుంది. పెరట్లో ఉన్న మనిషిని ఎవరూ పిలవలేదు. సంపూర్ణమ్మ చిలపలు తిరగేస్తూనే ఉంది.

సాయంత్రానికి ఆ ముచ్చట వీధి వీధంతా పాకింది. కుళాయి దగ్గర మణెమ్మ బిందె పక్కన పెట్టి మరీ చెప్పింది.

"మీ త్రిపుర చేతుల ముందు మిషనే ఓడిపోయిందటగా వదినా! మా ఆయన అంటన్నాడు, రంగు చెయ్యి అంటే అట్టా ఉండాలంట."

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు పెద్దలు. ఇక్కడ తోడికోడలు నవ్వను కూడా లేదు. మంచం మీద పడుకుని దగ్గుతోంది. అయినా సంపూర్ణమ్మకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఫోటో పోయింది, శాలువా పోయింది, సరే. ఆఖరికి ప్రాణం లేని మిషన్ కూడా దానికే దండం పెట్టాలా? ఒక్కరోజు ముంచిన చేతులకే ఎనభై ఆరుకు దిగితే, ముప్పై ఏళ్ళ చేతులకు అది ఎంతకు దిగాలి? డెబ్భై? అరవై? అసలు అంకె రాకుండా మిషన్ మూలిగి ఊరుకోవాలి. అది వినీల పుస్తకంలో ఎక్కాలి. వీధంతా వినాలి.

శుక్రవారం పొద్దున తొట్టి పని ముగించి, చేతులు కడుక్కోకుండానే క్లినిక్కుకు బయల్దేరింది. వేళ్ళ కొసల నుంచి ఇంకా రంగు చుక్కలు కారుతున్నాయి.

"త్రిపురగారు రాలేదాండీ?" వినీల గుమ్మం వైపు చూసింది.

"ఆవిడ రేపటి చీర సర్దుకుంటోంది. నాకు పెట్టు ముందు."

"మీకేమైనా ఇబ్బందిగా ఉందా?"

"ఇబ్బందేం లేదు. పెట్టవే తల్లీ!"

వినీల ఆమెను కూర్చోబెట్టి, వేలు తుడవబోయింది. సంపూర్ణమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. తుడవకూడదు, ఉన్నది ఉన్నట్టే చూడాలి. సరేనని క్లిప్పు తగిలించింది. ఎర్రటి వెలుగు నల్లటి గోటి మీద పడింది. అంకెలు తారాడి నిలిచాయి.

"తొంభై ఎనిమిది," అంది వినీల. "చాలా బాగుందండీ."

సంపూర్ణమ్మ మొహం మాడిపోయింది. "సరిగ్గా చూడు."

"సరిగ్గానే ఉందండీ."

"ఈ వేలు చూడు. బొటనవేలు. ఇది మరీ నలుపు."

తొంభై ఏడు. చిటికెనవేలు, తొంభై ఎనిమిది. రెండో చెయ్యి కూడా అంతే. మిషన్ పాడైందేమోనని సంపూర్ణమ్మ అంటే, వినీల తన వేలికి పెట్టుకుని చూపించింది. తొంభై తొమ్మిది. ఆరోగ్యం బాగుందని చెబితే అలిగిన మనిషిని ఆ పిల్ల ఇంతవరకు చూడలేదు.

"అట్టా మొహం పెడతారేంటండీ, సంతోషించక? ఇది మీ చేతి రంగు చూడదు, లోపలి రక్తం రంగు చూస్తుంది. ఊపిరితిత్తుల్లో గాలి బాగా తగిలిన రక్తం ఎర్రగా మెరుస్తుంది. తగలకపోతే నల్లబడుతుంది. ఎంత ఎరుపుందో లైటు వేసి లెక్కగడుతుంది, అంతే."

గాలి తగిలితే రంగు. సంపూర్ణమ్మకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. తగలకపోతే లోపలెక్కడో ముడి ఉన్నట్టు. పైకి చూస్తే చిలప బాగానే ఉంటుంది.

ఆమె తన చేతివైపు చూసుకుంది. ఇంత నలుపులోంచి కూడా మిషన్ లోపలికి చూడగలిగింది. రంగు దాన్ని ఆపలేదు. మరి త్రిపుర చేతుల్లో ఏం చూసి ఎనభై ఆరు అంది?

"అమ్మాయ్," అంది మెల్లగా. "నువ్వు నిన్న దాని చేతులు చూశావు. నావీ చూశావు. ఎవరివి నలుపు?"

"మీవేనండీ. ఆమెవి కడిగితే పోయేట్టున్నాయి."

రెండు రోజులుగా ఎవరైనా ఆ ఒక్క మాట అంటే చాలనుకుంది సంపూర్ణమ్మ. ఇప్పుడు విన్నాక బుధవారం నాటి త్రిపుర కళ్ళ ముందుకు వచ్చింది. కుర్చీ తెప్పించుకుని కూర్చుంది, నిలబడలేక. రెండేసి మాటలు మాట్లాడింది, మూడో మాటకు ఊపిరి లేక. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ లిప్‌స్టిక్ కొనలేదు.

వినీల అప్పటికే మొహం పాలిపోయి, బ్యాగు భుజాన వేసుకుంటోంది. "నేను రంగేనని రాసి వచ్చేశానండీ," అంది.

ఇల్లు నాలుగు వందల గజాల దూరం. ఆ నాలుగు వందల గజాల్లో సంపూర్ణమ్మ మనసులోకి ఒక పాడు ఆలోచన వచ్చింది. లేదని అబద్ధమాడటం దేనికి? రేపు త్రిపుర వెళ్ళకపోతే ఆ శాలువా ఎవరి భుజాల మీద పడుతుంది? ఆ ఆలోచన రాగానే, ఇంట్లోవాళ్ళంతా ఇదే అంటారని కూడా తోచింది. దాంతో అడుగు మందగించింది. పక్కన నడుస్తున్న ఈ పిల్లకు ఏదో సర్దిచెప్పి వెనక్కి పంపి, శనివారం కానిచ్చి ఆదివారం చెబితే ఎవరూ ఏమీ అనరు. ఒక్క రోజే కదా! మలుపు దగ్గర ఎవరిదో దండెం మీద నల్ల చిలప వేలాడుతోంది, మధ్యలో ముడి. అలవాటు కొద్దీ వేలు పెట్టి ఆ ముడి విప్పింది. తర్వాత నడక కాదు, పరుగే.

త్రిపుర గోడకు ఆనుకుని, ఒళ్ళో పట్టుచీర పెట్టుకుని కూర్చుని ఉంది. చీర మడతపెట్టడం సగంలో ఆగింది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

"లే. ఆసుపత్రికి పోవాలి," అంది సంపూర్ణమ్మ.

"రేపు... బెజవాడ పోవాలి అక్కా."

"బెజవాడ లేదు గిజవాడ లేదు. నీ ఒంట్లో గాలి ఆడటంలేదే!"

త్రిపుర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తెలుసు నాకు... బుధవారం నుంచి... ఎట్టా చూస్తున్నావో. నేను పోకూడదు... అంతేగా?"

మగ్గం దిగి వచ్చిన పాండురంగయ్య భార్యను గదమాయించాడు. "సిగ్గులేదటే నీకు? నా తమ్ముడు కూడా ఊళ్ళో లేడు, వాడు సరుకేసుకుని హనుమాన్ జంక్షన్ పోయిన సమయం చూసి మొదలెట్టావా? ఓర్వలేకపోతే నోరు మూసుకుని ఓ మూల కూచో. ఆ పిల్లను కూడా వెంటబెట్టుకొచ్చావు!"

"ఓర్వలేకే!" అంది సంపూర్ణమ్మ. గొంతు ఇల్లంతా మోగింది. "కళ్ళల్లో నిప్పులు పోసుకున్నా. కాదని ఎవరన్నారు? ఓర్వలేకే పొద్దున పోయి నా వేలు పెట్టా ఆ మిషన్లో. దానికన్నా తక్కువ రావాలని పెట్టా. తొంభై ఎనిమిది వచ్చింది. ఇటు చూడండి." వంగి త్రిపుర చెయ్యి లాగి తన చేతి పక్కన పెట్టింది. "ఏది నలుపు? రంగులింట్లో పుట్టిన మనిషి మీరు, చెప్పండి. ఏది నలుపు?"

పాండురంగయ్య ఆ రెండు చేతుల వైపు చూశాడు. ఆయన మొహంలో కోపం దిగిపోయి దాని స్థానంలో భయం వచ్చింది.

సంపూర్ణమ్మ అద్దం దగ్గర గోళ్ళరంగు తీసే సీసా వెతికి తెచ్చింది. నేల మీద చతికిలబడి, త్రిపుర పాదం తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. చిన్న తోడికోడలి కాలు పెద్ద తోడికోడలు ముట్టుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. త్రిపుర "వద్దక్కా" అంటూ కాలు లాక్కోబోయి, లాక్కోలేక ఊరుకుంది. దూదితో బొటనవేలి ఎరుపు తుడిచి, మళ్ళీ తుడిచి, గోరు తెల్లగా తేలేదాకా రుద్దింది. తర్వాత ఆ చల్లటి వేలిని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబడేదాకా రాసింది.

"ఇప్పుడు పెట్టమ్మా."

వినీల క్లిప్పు తగిలించింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అంకెలు తారాడి నిలిచాయి.

"ఎనభై నాలుగు."

వినీల 108కు ఫోన్ చేస్తుంటే, పాండురంగయ్య చెప్పులు లేకుండానే వీధిలోకి పరుగెత్తాడు, అంబులెన్సుకు దారి చూపించడానికి. త్రిపురను పడుకోబెట్టబోతే వద్దని, దిండు వీపు వెనక పెట్టి కూర్చోబెట్టే ఉంచమంది వినీల. పట్టుచీర నేల మీదికి జారింది. సంపూర్ణమ్మ దాన్ని తియ్యలేదు, చేతులకు రంగుందని.

శనివారం పొద్దెక్కాక బందరు ఆసుపత్రిలో త్రిపుర కళ్ళు తెరిచి చుట్టూ చూసింది. మొహానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. ఊపిరితిత్తులకు రెండు వైపులా నెమ్ము చేరిందని డాక్టరు చెప్పాడు. ఇంకో రోజు ఆగి, ఆ బెజవాడ ప్రయాణం కూడా చేసి ఉంటే తను ఏమీ చెప్పలేకపోయేవాడినన్నాడు. రాత్రే వచ్చిన మరిది బయట వరండాలో మందుల చీటీ పట్టుకుని తిరుగుతున్నాడు.

సంపూర్ణమ్మ మంచం పక్క స్టూలు మీద కూర్చుని తెర మీది అంకెనే చూస్తోంది. ఎనభై తొమ్మిది. తొంభై. తొంభై ఒకటి అయి మళ్ళీ తొంభై. అది ఒకటి పెరిగితే ఆమెకు ప్రాణం లేచి వస్తోంది, తగ్గితే లోపలెక్కడో కలుక్కుమంటోంది. తోడికోడలికి ఏదైనా ఎక్కువ కావాలని ఆమె కోరుకోవడం ఇదే మొదలు.

ఫోన్ మోగింది. త్రిపుర ఫోనే. తేజేశ్వర్.

"ఇప్పుడే తెలిసిందండీ, చాలా బాధగా ఉంది. సాయంత్రం సభ ఆపలేం. మీరు వాళ్ళింటి పెద్దావిడేగా? రంగు పని మీకూ వచ్చటగా. కారు పంపిస్తాను, ఆమె బదులు మీరొస్తారా అమ్మగారూ?"

సంపూర్ణమ్మకు ఆశ చచ్చిందని ఎవరైనా అంటే అది అబద్ధం. బందరు నుంచి బెజవాడ ఎంత, రెండు గంటలు. శాలువా ఏ రంగులో ఉంటుందో కూడా ఆమె కళ్ళ ముందు మెదిలింది.

"నా పేరేంటండీ?" అంది.

అవతల తేజేశ్వర్ నసిగాడు.

"కనుక్కుని తర్వాత ఫోన్ చెయ్యండి బాబూ. తొందరేం లేదు. ఇద్దరం కలిసే వస్తాం," అని పెట్టేసింది.

త్రిపుర అంతా వింది. మాస్కు కాస్త పైకెత్తి, "పోవాల్సింది అక్కా," అంది.

"మాస్కు తియ్యమాక."

"ఒక్క మాట." త్రిపుర ఊపిరి తీసుకుంది. "కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు... నీ పక్కన తొట్టి దగ్గర... నిలబడేదాన్ని గుర్తుందా? నూలు ఎంత తడిమినా... నాకు ముడి దొరికేది కాదు. నీ వేళ్ళకు చూడకుండానే దొరికేది. కుళ్ళుకుని చచ్చేదాన్ని. అందుకే గ్లౌజులు వేసుకున్నా... అందుకే ఫోను పట్టుకున్నా."

సంపూర్ణమ్మ దుప్పటి అంచు సర్దింది. సర్దినదాన్నే మళ్ళీ సర్దింది.

"ఆ మిషన్లో నీకెంత వచ్చింది అక్కా?" అని అడిగింది త్రిపుర. "నిన్న చెప్పావు... నాకు గుర్తులేదు."

సంపూర్ణమ్మ తల ఎత్తి తెర చూసింది.

"తొంభై రెండు," అంది.

త్రిపుర కూడా మెల్లగా మెడ తిప్పి తెర చూసుకుంది. తొంభై రెండు.

"అయితే... సమానమే."

"సమానమే. ఇంక మాట్లాడకు, పడుకో," అని సంపూర్ణమ్మ మాస్కు సరిగ్గా పెట్టి, నల్లటి చేతులు కొంగు కింద దాచుకుంది.